బెనాయిట్ కార్డు

అతని పేరు బెన్వా అని పలకాలి. టీవీలో కామెంటరీ చెప్పేవాళ్ళు అలాగే అనేవాళ్ళు. కానీ మా గల్లీకి టీవీ కంటే ముందు కార్డు వచ్చింది. కార్డు మీద ఇంగ్లీషులో ఉన్న ఆరక్షరాలనీ కూడబలుక్కుని చదివితే బెనాయిట్ అనే వచ్చింది. హైదరాబాద్ రామ్‌నగర్‌లో మా బ్యాచ్ మొత్తానికి ఆ రెజ్లర్ క్రిస్ బెనాయిట్. ఇప్పటికీ నా నోటికి అదే వస్తుంది, ఇక్కడా అలాగే రాస్తాను.

ట్రంప్ కార్డులంటే మా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. తర్వాతివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక్కో కార్డు మీద ఒక్కో రెజ్లర్ బొమ్మ, కింద ర్యాంకు, హైటు, వెయిటు, చెస్టు, బైసెప్స్, ఎన్ని ఫైట్లు ఆడాడు, ఎన్ని గెలిచాడు అనే లెక్కలు ఉంటాయి. కట్టను సమానంగా పంచుకుంటాం. పైనున్న కార్డు చూసుకుని ఏదో ఒక లెక్క చెప్పాలి. అవతలివాడి కార్డులో అంతకంటే ఎక్కువుంటే మన కార్డు వాడికి పోతుంది, లేదంటే వాడిది మనకి వస్తుంది. ర్యాంకులో మాత్రం చిన్న నంబరుదే గెలుపు. ఆ లెక్కలు ఎవరు వేశారో దేవుడికే తెలియాలి. ఒక సెట్టులో అండర్‌టేకర్‌కి ఉన్న ఎత్తు ఇంకో సెట్టులో ఉండేది కాదు. కొన్న షాపు మారితే మనిషి రెండంగుళాలు పెరిగేవాడు.

బెనాయిట్ ఎవరికీ అక్కర్లేని కార్డు. ఆరడుగులు కూడా లేడు. బిగ్ షో, కేన్ లాంటి కొండల పక్కన హైటు అంటే పోయె, వెయిటు అంటే పోయె. మా సెట్టులో గెలిచిన ఫైట్ల లెక్క ఒక్కటే అతనికి కాస్త గట్టిగా ఉండేది. ఆ సంగతి గుర్తున్నవాడు "ఫైట్స్ వన్" అని గట్టెక్కేవాడు. బళ్ళో ప్రేయర్‌కి ఎత్తుని బట్టి నిలబెట్టేవాళ్ళు. మా లైనులో మొదటివాణ్ణి నేను. ఆ కార్డంటే నాకెందుకు ఇష్టమో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మనిషిని సరిగ్గా చూసింది 2002లో, మా కేబుల్‌లో టెన్ స్పోర్ట్స్ వచ్చాక. అంతకు ముందు ఏడాది మెడకి ఆపరేషన్ అయి, చాలా నెలలు ఆటకి దూరంగా ఉండి, అప్పుడే తిరిగొచ్చాడు. ముందు పన్ను ఒకటి లేదు. మిగతావాళ్ళు మైకు పట్టుకుని పావుగంట వాగేవాళ్ళు. ఇతను వచ్చేవాడు, పని చేసుకుని పోయేవాడు. తర్వాత ఉద్యోగంలో చేరాక కూడా మీటింగుల్లో మాట్లాడకుండా పని చేసుకుపోయేవాళ్ళంటే నాకు అదో గౌరవం ఉండేది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచిస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

మా నాయనమ్మ గచ్చు మీద కాళ్ళు చాపుకుని, తొడ మీద పత్తి పెట్టుకుని వత్తులు చేసుకుంటూ మాతోపాటే చూసేది. ఆమెకి పేర్లు పట్టవు. బెనాయిట్‌ని "పన్నూడినోడు" అనేది. ఒకరోజు ఎవరో అతన్ని మడత కుర్చీతో తల వెనక బాదారు. నాయనమ్మ వత్తి చేయడం ఆపేసింది.

"గింతగనం దెబ్బలు తిని ఇంటికి పోతడు గదా, అన్నం తిన నోరు తెరవస్తదారా?"

"రాదేమో" అన్నాను.

"పెండ్లాం పిల్లలున్నరా ఈయనకు?"

"ఏమో నాయనమ్మా, నాకేం తెలుసు."

"గన్ని ముచ్చట్లు తెలుసు, గిది తెల్వదా" అని మళ్ళీ వత్తుల్లో పడింది.

నాన్నకి ఈ గొడవంతా చిరాకు. "అంతా డ్రామారా, ముందే మాట్లాడుకుంటారు" అనేవారు. మేము ప్రాణం పోయినా ఒప్పుకునేవాళ్ళం కాదు. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారన్నది నిజమే, నాన్నదే కరెక్టు. కాకపోతే పైనుంచి దూకినవాడి తల కింద తగిలేది మాత్రం నిజంగానే తగులుతుంది. ఆ సంగతి ఆ ఎండాకాలం మా ఇంట్లోనే తెలిసింది.

బెనాయిట్ రింగు మూల తాడు మీదకి ఎక్కి, చేతులు చాపి, కింద పడున్నవాడి మీదకి తల ముందుకు పెట్టి దూకేవాడు. డైవింగ్ హెడ్‌బట్. మధ్యాహ్నం కూలర్ ముందు అందరూ నిద్రపోతున్నారు. పక్క గదిలో దివాన్ మీంచి నేను దూకాను. కింద పరుపు మీద పదేళ్ళ మా తమ్ముడు, ఆటలో వాడు ట్రిపుల్ హెచ్ అనే రెజ్లర్. నా నుదురు వెళ్ళి వాడి కనుబొమ్మకి తగిలింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత వాడు కళ్ళు తెరిచి, రక్తం చూసుకుని, ఏడుపు బదులు "నువ్వు గెలిచినవ్ అన్నా" అన్నాడు. అమ్మ లేస్తుందని భయం, రక్తం ఆగదన్న టెన్షన్. నాలుగు కుట్లు పడ్డాయి. నాకు అమ్మ చేతిలో పడినవి లెక్కపెట్టలేదు. కేబుల్ నెల రోజులు పీకించేశారు. నా తలకి బొప్పి కట్టి రెండు రోజులు అక్షరాలు జంటగా కనబడ్డాయి. ఎవరికీ చెప్పలేదు, పైగా గర్వపడ్డాను.

2004 మార్చి 14న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెజిల్‌మేనియా ఇరవై, ఏటా జరిగే రెజ్లింగ్ షోలన్నిటిలోకీ పెద్దది. మాకు ఇంటర్ ఫస్టియర్ పరీక్షల కాలం. కెమిస్ట్రీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చూశాను. అంతకు ముందు జనవరిలో అతను, ముప్పై మంది ఒకరి తర్వాత ఒకరు దిగే రాయల్ రంబుల్‌లో మొదటి నంబరుగా దిగి, గంటకి పైగా నిలబడి, గెలిచాడు. మేనియాలో ట్రిపుల్ హెచ్, షాన్ మైకేల్స్ ఇద్దరితో ఒకేసారి పోటీ. చివర ట్రిపుల్ హెచ్ చేత్తో నేలకొట్టి ఓటమి ఒప్పేసుకున్నాడు. బెనాయిట్ ఛాంపియన్ బెల్టు గుండెకి హత్తుకుని ఏడ్చాడు. ప్రాణస్నేహితుడు ఎడ్డీ గెరెరో ఇంకో బెల్టుతో రింగులోకి వచ్చి కావలించుకున్నాడు. పైనుంచి రంగుకాగితాలు రాలుతున్నాయి. తమ్ముడూ నేనూ మంచం మీద ఎగిరాం, కనుబొమ్మ సంగతి మర్చిపోయి. పన్నెండో తరగతి కూడా దాటని పొట్టివాడికి అది ఎలాంటి రాత్రో ఇప్పుడు మాటల్లో చెప్పలేను.

ఎడ్డీ మరుసటి ఏడాది నవంబరులో ఒక హోటల్ గదిలో పోయాడు, 38 ఏళ్ళకే.

ఇక 2007. జూన్ 26, మంగళవారం పొద్దున. మా బ్యాచ్‌లో ఆరడుగులవాడు ఒకడుండేవాడు, వాణ్ణి కేన్ అనేవాళ్ళం. వాడి దగ్గర్నుంచి మెసేజ్: బెనాయిట్ డెడ్, ఫ్యామిలీ కూడా. నేను నవ్వాను. నమ్మకపోవడానికి కారణం ఉంది. సరిగ్గా రెండు వారాల ముందే, జూన్ 11 షోలో, ఈ షోలు నడిపే డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ ఓనరు విన్స్ మెక్‌మాన్ కారెక్కగానే అది పేలిపోయినట్టు చూపించారు. ఆయన చచ్చిపోయాడని కథ నడుపుతున్నారు. "స్టోరీ రా, లైట్ తీస్కో" అని రిప్లై ఇచ్చాను. కాసేపటికి వాడే ఫోన్ చేశాడు. మిస్డ్ కాల్ తప్ప కాల్ ఎరగని మనిషి రూపాయి ఖర్చు పెట్టాడంటేనే అర్థమైపోయింది.

విద్యానగర్‌లో మేము వెళ్ళే ఇంటర్నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలు. ప్లైవుడ్ అరల్లో నలుగురం ఒక కంప్యూటర్ ముందు. సోమవారం రాత్రి షోని రద్దు చేసి మూడు గంటలు అతనికి నివాళిగా నడిపారని ఉంది. చచ్చిపోయాడని కథలో చెప్పిన మెక్‌మాన్ ఖాళీ స్టేడియంలో నిలబడి, ఇది నిజం అని చెప్పాడు. ముక్కలు ముక్కలుగా ఆగుతూ ఆడే వీడియోల్లో తోటి రెజ్లర్లు ఏడుస్తున్నారు. మేమూ ఏడ్చాం. సిగ్గు పడకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాం. ఎవరో దొంగలు ఇంట్లో పడి ముగ్గుర్నీ చంపేశారనుకున్నాం. వాళ్ళు దొరికితే ఏం చేయాలో కేన్‌గాడు వివరంగా చెప్పాడు.

సాయంత్రానికి పోలీసులు చెప్పింది వచ్చింది. బయటివాళ్ళెవరూ లేరు. జార్జియాలో ఫేయెట్‌విల్ అనే ఊళ్ళో, సొంతింట్లో, ఆ వారాంతం అతను భార్య నాన్సీని చంపాడు. తర్వాత ఏడేళ్ళ కొడుకు డేనియల్‌ని చంపాడు. ఇద్దరి పక్కనా బైబిల్ పెట్టాడు. ఆ తర్వాత తన ప్రాణం తీసుకున్నాడు. మధ్యలో తోటివాళ్ళకి ఇంటి అడ్రసు మెసేజ్ పెట్టాడు. మర్నాడు రాత్రి షో మొదట్లో మెక్‌మాన్ వచ్చి, ఇవాళ ఇక ఈ కార్యక్రమంలో ఆ పేరు వినబడదు అన్నాడు. ఆ ఇవాళ ఇన్నేళ్ళయినా అవ్వలేదు.

పొద్దున ఏడ్చిన ఏడుపుని ఏం చేసుకోవాలో మాకు తెలియలేదు. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఎక్కడో అమెరికాలో ఎవడో పెళ్ళాం బిడ్డని చంపితే రామ్‌నగర్‌లో మీకేంట్రా నొప్పి అంటారు. అయినా వెనక్కి తీసుకోలేని ఏడుపు అది.

రాక్ అని పిలుచుకునే ఇంకొకడు ఇంటికెళ్ళి గోడ మీద పోస్టర్ చింపేసి, ట్రంప్ కార్డు నాలుగు ముక్కలు చేసి, ఆ తర్వాత రెజ్లింగ్ మాటెత్తలేదు. ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. కేన్‌గాడు దీనికి పూర్తిగా ఎదురు. చంపింది అతను కాదన్నాడు. వాడికో సాక్ష్యం కూడా దొరికింది. శవాలు దొరకడానికి దాదాపు పద్నాలుగు గంటల ముందే వికీపీడియాలో బెనాయిట్ పేజీలో ఎవరో, అతని భార్య చనిపోయింది అని రాశారు. రాసింది ఎక్కణ్ణుంచి? కంపెనీ హెడ్డాఫీసు ఉన్న స్టాంఫర్డ్ ఊరి నుంచి. అదేదో పుకారు విని రాశానని, అది నిజం కావడం కాకతాళీయమని రాసినవాడే ఒప్పుకున్నాడు. కేన్‌గాడు అది నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడు. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నారు, మొన్న కలిసినప్పుడు కూడా వికీపీడియా దగ్గరే ఆగిపోయాడు.

నేను ఈ రెండూ చేయలేదు. కార్డు కట్టలోంచి తీసి ఒక పాత రికార్డు బుక్కులో పెట్టాను. తర్వాత, ఒకటి తీసేస్తే పంచుకోవడానికి సరిసంఖ్య రాదు కదా అని మళ్ళీ కట్టలో పెట్టేశాను. అది సాకో నిజమో నాకే తెలియదు.

ఆ వారం రోజులూ నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఏదో జరిగిందని నాయనమ్మ పసిగట్టింది. అప్పటికి ఆమెకి చూపు తగ్గింది, వత్తులు మాత్రం వేళ్ళ గుర్తుతో చేసేది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పాను. పన్నూడినోడు ఇట్ల చేసిండని. తలకి దెబ్బలు తగిలి తగిలి ఏమన్నా అయ్యుంటుందని, స్నేహితుడు పోయాడని, ఏవో మందులు వాడేవాడని, చదివినవన్నీ చెప్పుకుంటూ పోయాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"ఆ పిల్లగాని పేరేంది బిడ్డా?"

నాకు గుర్తు రాలేదు. నాలుగు రోజులుగా గంటకి పదిహేను చొప్పున కట్టి చదివాను. ప్రతి వార్తలోనూ ఆ పేరు ఉంది. అతని మెడ ఆపరేషన్ ఎప్పుడైందో తెలుసు, జపాన్‌లో మాస్కు వేసుకుని ఏ పేరుతో ఆడాడో తెలుసు, బైసెప్స్ ఎంతో తెలుసు. పిల్లవాడి పేరు, వాడి తల్లి పేరు నోటికి రాలేదు. "యాదికొస్తలేదు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. దేవుడి అరలో ఆ పూట ఇంకో వత్తి ఎక్కువ వేసిందేమో నేను చూడలేదు. చూశానని రాస్తే బాగుంటుంది గానీ, చూడలేదు.

ఆ ఏడాది మన ఊరికే మంచిది కాదు. మే 18న మక్కా మసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. కోఠీ వెళ్తే మేము కట్‌లెట్ తినేది గోకుల్‌లోనే. అలాంటి రోజుల్లో రెజ్లర్ గురించి మాట్లాడాలంటే ఎవరికీ నోరు రాలేదు.

సెప్టెంబరులో మెదడు రిపోర్టు వచ్చింది. క్రిస్ నొవిన్స్కీ అని, అదే రింగులో ఆడి తలదెబ్బలతో మానేసినవాడు, తల గాయాల మీద పనిచేసే ఒక సంస్థ పెట్టాడు. అతను బెనాయిట్ తండ్రికి ఫోన్ చేసి ఒప్పిస్తే, వెస్ట్ వర్జీనియా డాక్టర్లు మెదడు పరీక్షించారు. నలభై ఏళ్ళ మనిషి మెదడు 85 ఏళ్ళ అల్జీమర్స్ రోగి మెదడులా ఉందన్నారు. తలకి మళ్ళీ మళ్ళీ తగిలిన దెబ్బలకి మెదడు కణాల్లో ఒక ప్రొటీన్ పేరుకుపోయి వచ్చే జబ్బట, సీటీఈ అంటారు. తాడు మీంచి దూకుళ్ళు, తల వెనక కుర్చీ దెబ్బలు. నాయనమ్మ వత్తి ఆపేసిన దెబ్బ.

నేను ఆ రిపోర్టుని వాటేసుకున్నాను. అంతకంటే సరైన మాట దొరకడం లేదు. ప్రింట్ తీయించి దాచుకున్నాను. కాలేజీలో ఎవడన్నా "మీ హీరో హంతకుడంట కదరా" అంటే మెదడు గురించి పది నిమిషాలు చెప్పేవాణ్ణి. అతని ఒంట్లో టెస్టోస్టెరాన్ మామూలు కంటే చాలా ఎక్కువుందని తేలింది, ఇష్టారాజ్యంగా మందులు రాసినందుకు అతని డాక్టరుకి 2009లో పదేళ్ళ శిక్ష పడింది. అవి కూడా నా లెక్కలో చేరాయి. 2010లో తల మీద కుర్చీతో కొట్టడాన్ని కంపెనీ నిషేధించింది. చూశావా, నేను చెప్పిందే అని తమ్ముడితో అన్నాను. మెదడు తప్పు, మందుల తప్పు, కంపెనీ తప్పు. అన్నీ నిజాలే, ఒక్కటీ అబద్ధం కాదు. వాటన్నిటి వెనక నేను అతన్ని దాచిపెట్టుకుంటున్నానని మాత్రం చాలా ఏళ్ళు తట్టలేదు.

తట్టింది ఒక పాత వార్త చదివినప్పుడు. 2003 మేలో నాన్సీ విడాకులకి కోర్టుకి వెళ్ళింది. క్రూరంగా చూస్తున్నాడని రాసింది. అతను దగ్గరికి రాకుండా ఉత్తర్వు కూడా అడిగింది. తర్వాత కొన్ని నెలలకి రెండూ వెనక్కి తీసుకుంది. 2003 మే. అంటే రెజిల్‌మేనియాకి పది నెలల ముందు. ఆమె అప్పుడే చెప్పింది, కాగితం మీద పెట్టి, కోర్టులో చెప్పింది. తర్వాత నేను మంచం మీద ఎగిరాను. ఆ రాత్రి నాకేమీ తెలియదు, తెలిసే దారీ లేదు, పదహారేళ్ళవాణ్ణి. అయినా ఆ తేదీ పక్కన ఈ తేదీ పెట్టుకున్నాక మళ్ళీ ఆ మ్యాచ్ చూడలేదు. మిగతావి అప్పుడప్పుడూ చూశాను. అబద్ధమెందుకు. జపాన్‌వి చూశాను, బాగున్నాయి. బాగున్నాయనిపించగానే ఆపేశాను.

దెబ్బతిన్న మెదడు గురించి ఆ డాక్టర్లు చెప్పింది ఇప్పటికీ నమ్ముతాను. కానీ శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఆ ఇంట్లో గడిచిన గంటలకి ఆ రిపోర్టులో జవాబు లేదు. అన్ని దెబ్బలూ తిన్న మిగతావాళ్ళ ఇళ్ళ గురించీ లేదు.

2023 సెప్టెంబర్ 8న డబ్ల్యూడబ్ల్యూఈ మన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వచ్చింది. జాన్ సీనా వచ్చాడు. తమ్ముడు, వాడి కొడుకు, నేను వెళ్ళాం. ట్రాఫిక్‌లో గంటన్నర. సీనా మ్యూజిక్ మొదలవగానే నలభై ఏళ్ళవాళ్ళు చిన్నపిల్లల్లా అరుస్తున్నారు, నేనూ అరిచాను. మధ్యలో వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి "పెదనాన్నా, నీ ఫేవరెట్ ఎవరు?" అన్నాడు.

"ఎడ్డీ గెరెరో" అన్నాను.

తమ్ముడు నావైపు ఒకసారి చూసి, మళ్ళీ పాప్‌కార్న్‌లో చెయ్యి పెట్టాడు. కనుబొమ్మలో ఆ గీత దగ్గర ఇప్పటికీ వెంట్రుకలు రావు. అది ఎలా అయిందో వాడి కొడుక్కి తెలుసు, చుట్టాల ముందు నన్ను చూపించి మరీ చెబుతాడు. నేను ఏ రెజ్లర్‌నై దూకానో మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు శనివారం. వాడి పోరు పడలేక అటక మీంచి స్వీటు డబ్బా దించాం. రబ్బరు బ్యాండు కరిగి పైకార్డుకి అతుక్కుపోయింది, గోరుతో గీకితే అండర్‌టేకర్ టోపీ కొంచెం ఊడింది. రూల్స్ చెప్పాను. పంచాను. వాడికి ఏడేళ్ళు, లెక్కల్లో చురుకు, మూడు రౌండ్లలో కిటుకు పట్టేశాడు.

ఐదో రౌండులోనో ఆరో రౌండులోనో నా కట్ట పైకి బెనాయిట్ వచ్చాడు. వంతు నాది. ఫైట్స్ వన్ అంటే గెలిచే వీలుంది. ఇన్నేళ్ళయినా అది మర్చిపోలేదు.

"హైట్" అన్నాను.

వాడి చేతిలో బిగ్ షో. ఎగిరి గంతేసి నా చేతిలోంచి కార్డు లాక్కున్నాడు. బొమ్మ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఎవరు పెదనాన్నా ఈయన? పన్ను లేదేంటి?"

"నీ వంతు, ఆడు" అన్నాను.

వాడు కార్డుని తన కట్ట అడుక్కి తోసేసి, పైది తీశాడు.